మైదానం, తీరిక, చందా పుస్తకం: మొదటి ఫుట్‌బాల్ క్లబ్బులు ఎలా పుట్టాయి

ఈసారి ఆటల చరిత్ర. నేను చదివింది ఇంగ్లీషు బడిలో. తెలుగు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక గుడి పనుల మధ్య నేర్చుకున్నాను. అందుకని చిన్న చిన్న వాక్యాలే రాస్తాను. కొత్త మాట వస్తే అక్కడే అర్థం చెబుతాను.

ఫుట్‌బాల్ ఆట ఎప్పుడు పుట్టింది అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. గుండ్రటి వస్తువు కాలికి తగిలితే తన్నాలని ఏ పిల్లవాడికైనా అనిపిస్తుంది. కానీ ఫుట్‌బాల్ క్లబ్బు ఎప్పుడు పుట్టింది అని అడిగితే తేదీతో సహా చెప్పవచ్చు. 1857 అక్టోబర్ 24న, ఇంగ్లండులోని షెఫీల్డ్ ఊళ్ళో.

నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ అనే ఇద్దరు స్నేహితులు ఆ క్లబ్బు మొదలుపెట్టారు. వాళ్ళు క్రికెట్ ఆడేవాళ్ళు. చలికాలంలో క్రికెట్ ఉండదు. ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదో ఒకటి ఆడాలి. అలా షెఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. అప్పటికి ఆడడానికి ఇంకో క్లబ్బు లేదు. అందుకని సభ్యులు తమలో తామే రెండు జట్లుగా చీలి ఆడుకునేవారు. పెళ్ళయినవాళ్ళు ఒక జట్టు, పెళ్ళికానివాళ్ళు ఇంకో జట్టు! మన గుడి పండగ రోజుల్లో తాడు లాగే పోటీ కూడా ఇలాగే పెడతాం కదా. రెండో క్లబ్బు హాలమ్ 1860లో పుట్టింది. ఆ ఏడాది డిసెంబర్ 26న ఈ రెండు క్లబ్బులూ ఆడాయి. రెండు వేర్వేరు క్లబ్బుల మధ్య జరిగిన మొదటి ఆట అదే అంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. క్రెస్విక్, ప్రెస్ట్ ఆటను కనిపెట్టలేదు. ఆట అప్పటికే ఉంది. అయితే ఒక్కో బడిలో ఒక్కో పద్ధతి. ఒకచోట బంతిని చేత్తో పట్టుకోవచ్చు, ఇంకోచోట కూడదు. ఒకచోట ఎదుటివాడి కాలి మీద తన్నడం కూడా ఆటలో భాగమే. ఈ ఇద్దరూ చేసిన పని ఏమిటంటే నియమాలు రాశారు. నియమం అంటే అందరూ ఒప్పుకుని పాటించే కట్టుబాటు. 1858లో చేత్తో రాశారు, తర్వాత అచ్చు వేయించారు. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది 1863లో. అంటే దానికన్నా ముందే షెఫీల్డ్‌లో పుస్తకం ఉంది.

ఆ పుస్తకం విలువ ఎంతో తెలుసా? 2011లో షెఫీల్డ్ క్లబ్బు తన పాత కాగితాలను లండన్‌లో వేలం వేసింది. వేలం అంటే ఎక్కువ ధర పాడినవాళ్ళకి అమ్మడం. చేతిరాత నియమాలు ఉన్న ఆ కట్ట 8,81,250 పౌండ్లకు పోయింది. ఆ రోజుల్లో వాళ్ళు తన్నిన బంతి ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. రాసిన కాగితం మాత్రం నూట యాభై ఏళ్ళు బతికింది.

క్లబ్బు పుట్టాలంటే మూడు కావాలి అని నాకు అర్థమైంది. ఒకటి మైదానం. రెండు తీరిక. మూడు పుస్తకం.

తీరిక సంగతి చూద్దాం. తీరిక అంటే పని లేని సమయం. ఇంగ్లండు బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు, చిన్న వయసువాళ్ళు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ఆపాలని 1850లో చట్టం వచ్చింది. మెల్లగా మిగతా పనివాళ్ళకు కూడా శనివారం సగం రోజు సెలవు దొరికింది. ఆ సగం రోజులోనే ఫుట్‌బాల్ పెరిగింది. ఈనాటికీ ఇంగ్లండులో చాలా ఆటలు శనివారం మధ్యాహ్నమే జరగడానికి మూలం అక్కడే ఉంది.

జనం ఎక్కడ కలుస్తారో అక్కడే క్లబ్బు పుట్టింది. ఆస్టన్ విల్లా 1874లో ఒక చర్చిలో క్రికెట్ ఆడే కుర్రాళ్ళు పెట్టింది. ఎవర్టన్ 1878లో సెయింట్ డొమింగో అనే చర్చి జట్టుగా మొదలైంది. అదే ఏడాది రైల్వే పనివాళ్ళు న్యూటన్ హీత్ జట్టు పెట్టారు. దాన్నే ఇప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ అంటున్నాం. 1886లో లండన్ పక్కన వూలిచ్‌లో ఫిరంగుల కార్ఖానా పనివాళ్ళు పదిహేను మంది తలా ఆరు పెన్నీలు వేసుకున్నారు. డేవిడ్ డాన్‌స్కిన్ అనే పనివాడు తన జేబులోంచి ఇంకో మూడు షిల్లింగులు కలిపాడు. ఆ డబ్బుతో బంతి కొన్నారు. ఆర్సెనల్ అలా పుట్టింది. టీవీ ముందు అర్ధరాత్రి దాకా కూర్చునే మన మలేషియా కుర్రాళ్ళకి ఈ పేర్లన్నీ తెలుసు. కానీ వాటి వేరు చందాలో ఉందని తెలియదు. చందా అంటే తలా కొంచెం వేసుకునే డబ్బు. గుడిలో అన్నదానానికి రసీదు పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బ్రిటిష్ సైనికులు, గుమాస్తాలు, ఓడల మనుషులు ఫుట్‌బాల్‌ను ఇక్కడికి తెచ్చారు. వాళ్ళు ఎక్కడ దిగినా ముందు చదునైన పచ్చిక చూసుకునేవారు. మలయ్ భాషలో మైదానాన్ని పాడాంగ్ అంటారు. సింగపూర్‌లో పాడాంగ్ పక్కన క్రికెట్ క్లబ్బు 1852లో వచ్చింది. కౌలాలంపూర్‌లో పాడాంగ్ పక్కన సెలంగోర్ క్లబ్బు 1884లో వచ్చింది. ఆ పచ్చికనే ఇప్పుడు దతారాన్ మెర్డేకా అంటున్నాం. 1957 ఆగస్టు 31న అర్ధరాత్రి బ్రిటిష్ జెండా దిగింది అక్కడే.

సెలంగోర్ క్లబ్బు తొలి సభ్యుల్లో కె. తంబుసామి పిళ్ళై ఒకరు. ఈ పేరు గుడికి వెళ్ళేవాళ్ళు మరిచిపోకూడదు. కౌలాలంపూర్ శ్రీ మహామారియమ్మన్ గుడి 1873లో పెట్టించింది ఆయనే. బటు గుహల్లో మురుగన్ పూజ మొదలుపెట్టించింది కూడా ఆయనే. 1893లో విక్టోరియా ఇన్‌స్టిట్యూషన్ బడి పెట్టినప్పుడు ముందు నిలబడిన పెద్దల్లో ఆయన కూడా ఉన్నారు. గుడి, బడి, క్లబ్బు, ఈ మూడింటిలోనూ ఒకే మనిషి. అప్పట్లో డబ్బూ పలుకుబడీ ఉన్న భారతీయుడికి ఆ తలుపు కొంచెం తెరుచుకునేది. పలుకుబడి అంటే మన మాట నలుగురూ వినడం. మామూలు కూలివాడికి మాత్రం ఆ పచ్చిక గడ్డి కోయడానికే.

అందుకని మిగతావాళ్ళు తమ తమ క్లబ్బులు పెట్టుకున్నారు. సింగపూర్‌లో యురేషియన్లు 1883లో రిక్రియేషన్ క్లబ్బు పెట్టుకున్నారు. అక్కడి చైనీయులు 1885లో స్ట్రెయిట్స్ చైనీస్ రిక్రియేషన్ క్లబ్బు పెట్టుకున్నారు. 1892లో సింగపూర్‌లో ఫుట్‌బాల్ సంఘం వచ్చింది. ఆసియాలోని పాత ఫుట్‌బాల్ సంఘాల్లో అది ఒకటి. కౌలాలంపూర్‌లో 1905 నాటికి లీగు పోటీలు మొదలయ్యాయి. కంపుంగ్ బారులో మలయ్‌వాళ్ళకి సుల్తాన్ సులైమాన్ క్లబ్బు ఉండేది. 1914లో తమిళులు తమిళియన్ ఫిజికల్ కల్చర్ అసోసియేషన్ పెట్టుకున్నారు. దాన్ని ఇప్పటికీ అందరూ టీపీసీఏ అనే పిలుస్తారు.

ఈ క్లబ్బుల వెనక ఒక చట్టం కూడా ఉంది. చైనీయుల రహస్య ముఠాలను ఆపడానికి పెనాంగ్, మలాకా, సింగపూర్ ప్రాంతాల్లో 1889లో సంఘాల చట్టం చేశారు. 1890లో అది అమలులోకి వచ్చింది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి సంఘం పెడితే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. నమోదు అంటే పేరు పుస్తకంలో ఎక్కించడం. ముఠాలను పట్టుకోవడానికి చేసిన చట్టం ఇంకో పని కూడా నేర్పింది. సంఘం అంటే పేరు ఉండాలి, నియమాలు ఉండాలి, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండాలి. అధ్యక్షుడు సభ నడుపుతాడు. కార్యదర్శి ఉత్తరాలూ తీర్మానాలూ రాస్తాడు. కోశాధికారి డబ్బు లెక్క చూస్తాడు. ఈ రోజు మన గుళ్ళన్నీ, తెలుగు సంఘం శాఖలన్నీ నడిచేది ఇదే పద్ధతిలో.

ఫుట్‌బాల్ క్లబ్బు ఏం నేర్పుతుంది అంటే చాలామంది ఆరోగ్యం, క్రమశిక్షణ అంటారు. నిజమే. కానీ అంతకన్నా పెద్ద చదువు సభ జరపడం. కోపం వచ్చినా చెయ్యెత్తి వంతు కోసం ఆగడం. ఓట్లు లెక్కపెట్టడం. ఓడిపోయినవాడు మరుసటి వారం మళ్ళీ రావడం. దీనికి ఒక పెద్ద సాక్ష్యం కంపుంగ్ బారులోనే ఉంది. 1946 మార్చిలో దేశం నలుమూలల నుంచి మలయ్ సంఘాలు కలిసి మహాసభ జరుపుకున్నాయి. ఆ ఏడాదే అమ్నో పార్టీ పుట్టడానికి దారి వేసిన సభ అది. ఎక్కడ జరిగింది? సుల్తాన్ సులైమాన్ క్లబ్బులో! ఆటల క్లబ్బు కట్టుకున్న చోటు రాజకీయానికి కూడా పనికొచ్చింది.

భారతదేశంలో కూడా ఇదే కథ. కలకత్తాలో మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జులై 29న ఆ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ సైనికులను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. పదకొండు మందిలో పదిమంది ఉత్తి కాళ్ళతో ఆడారు. ఎదుటివాళ్ళు బూట్లతో ఆడారు. కలకత్తా ఊరంతా పండగ చేసుకుంది. ఒక్క ఆటతో స్వాతంత్ర్యం రాదు. కానీ ఆ రోజు ఆ పదకొండు మందిని నిలబెట్టింది ఇరవై రెండేళ్ళ పాత క్లబ్బు.

మళ్ళీ మలయాకి వస్తాను. ఇక్కడ క్లబ్బులన్నీ జాతి జాతికీ వేరుగా ఉన్నాయి అని చెప్పాను. వాటి పైన రాష్ట్రానికో జట్టు చేసి కలిపింది ఒక యుద్ధనౌక. ఆ ఓడ పేరు హెచ్ఎంఎస్ మలయా. పెరాక్, సెలంగోర్, నెగెరి సెంబిలాన్, పహాంగ్ అనే నాలుగు రాష్ట్రాలు డబ్బు ఇచ్చి బ్రిటిష్ నౌకాదళానికి కట్టించిన ఓడ ఇది. 1915లో నీళ్ళలోకి దిగింది. 1916లో జట్‌లాండ్ యుద్ధంలో పోరాడింది. 1921 మొదట్లో ఆ ఓడ తన పేరున్న దేశాన్ని చూడడానికి వచ్చింది. నావికులు ఊరూరా దిగి ఆటలు ఆడారు. వాళ్ళకి జరిగిన మర్యాదకి సంతోషించి ఓడ కెప్టెన్ రెండు కప్పులు ఇస్తామన్నాడు. ఒకటి రగ్బీకి, ఒకటి ఫుట్‌బాల్‌కి. ఫుట్‌బాల్ కప్పే మలయా కప్పు. 1967 నుంచి దాన్ని మలేషియా కప్పు అంటున్నాం.

మొదటి ఆట 1921 ఆగస్టు 20న జరిగింది. సెలంగోర్ పెనాంగ్‌ను 5-1తో ఓడించింది. అక్టోబర్ 1న చివరి ఆటలో సింగపూర్ సెలంగోర్‌ను 2-1తో ఓడించి కప్పు పట్టుకుపోయింది.

ఆ ఓడ కట్టిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ నాలుగు రాష్ట్రాల ఆదాయంలో తగరం, రబ్బరు పెద్ద భాగం. రబ్బరు చెట్టుకి గాటు పెట్టి పాలు తీసింది ఎవరు? మన తాతలు, అమ్మమ్మలు. కాబట్టి ఆ కప్పులో వాళ్ళ చెమట కూడా ఉంది. ఇది నేను కవిత్వం కోసం చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను.

అదే 1921లో జనాభా లెక్కలు కూడా తీశారు. మలయాలో తెలుగువాళ్ళు దాదాపు 40 వేలమంది. తమిళులు 3 లక్షల 80 వేలకు పైగా. విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి వచ్చి, మద్రాసు రేవులో ఓడ ఎక్కి, దిగువ పెరాక్‌లో, కెడాలో తోటల్లో పనికి కుదిరారు. తోట అంటే ఇక్కడ మన వాడుకలో ఎస్టేటు. తోటలో మైదానం ఉంది. పాలు తూచి ఇచ్చాక సాయంత్రం కొంచెం తీరిక కూడా ఉంది. ఆ తీరికలో ఒకవైపు కల్లు దుకాణం పిలిచేది, ఒకవైపు బంతి పిలిచేది. మూడోది, అంటే పుస్తకం, మన చేతిలో లేదు. పుస్తకం దొర ఆఫీసులో కిరాణి చేతిలో ఉండేది. కిరాణి అంటే తోట గుమాస్తా. అందులో మన పేర్లు కూలి లెక్క కోసమే రాశారు.

అందుకే క్లబ్బుల పేర్లు చూస్తే చైనీస్ ఉంది, మలయ్ ఉంది, తమిళియన్ ఉంది, సిలోనీస్ ఉంది, ఇండియన్ ఉంది. మన కుర్రాళ్ళు తోట పేరుతో ఆడారు, లేదా ఇండియన్ జట్టులో ఆడారు. బయటివాళ్ళకి మనమంతా తమిళులమే.

మా నాన్నగారు తెలుక్ ఆన్సన్ వైపు ఒక తోట జట్టులో ఆడేవారు. ఆ ఊరిని ఇప్పుడు తెలుక్ ఇంతాన్ అంటారు. చొక్కాలు ఇంట్లోనే రంగు నీళ్ళలో ముంచి ఆరేసేవారట. జట్టంతటికీ బూట్లు రెండు జతలే. ఒక జత గోలీకి, ఇంకో జత ఆ రోజు ఎవరి కాలికి దెబ్బ ఉంటే వాళ్ళకి! మా పెద్దనాన్న చందా పుస్తకం రాసేవారు. నెలకి తలా పది సెన్లు. ఇచ్చినవాడి పేరు పక్కన సున్నా చుట్టేవారు. ఆ పేర్లన్నీ తెలుగులో రాశారని నాన్నగారు చెప్పేవారు, ఎందుకంటే ఆయనకి వేరే అక్షరాలు రావు. తోట చేతులు మారినప్పుడు లైను ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. లారీలో ముందు బియ్యం బస్తాలు, దేవుడి పటాలు ఎక్కించారు. పాత పెట్టెలు అక్కడే ఉండిపోయాయి. వాటిలో ఆ పుస్తకం కూడా ఉంది. షెఫీల్డ్ పుస్తకం కథ చదివినప్పుడల్లా నాకు ఆ పెట్టె గుర్తుకొస్తుంది.

మన పేరుతో దేశమంతటికీ ఒక సంఘం 1955లో వచ్చింది. మలయా ఆంధ్ర సంఘం అని మొదలై ఇప్పుడు మలేషియా తెలుగు సంఘం అయింది. భాష, పండగలు, పిల్లల తరగతులు దాని పని. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, చందా రసీదు, ఏడాదికోసారి మహాసభ. షెఫీల్డ్‌లో ఆ ఇద్దరు స్నేహితులు ఈ సభకి వచ్చి కూర్చుంటే భాష తెలియకపోయినా ఏం జరుగుతోందో వాళ్ళకి అర్థమవుతుంది.

తెలుగు నేల మీద కూడా ఒక గొప్ప ఫుట్‌బాల్ కథ ఉంది. అది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. ఇంగ్లండులో రైల్వేలాగా, ఇక్కడ ఉద్యోగమే జట్టుని కలిపింది. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడి పంతులు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. రహీమ్ తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆయన ఆటగాడికన్నా ముందు నిర్వాహకుడు. నిర్వాహకుడు అంటే పని నడిపించేవాడు. 1940ల నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. మళ్ళీ అదే మాట వచ్చింది చూడండి. కార్యదర్శి, అంటే పుస్తకం పట్టుకునే మనిషి.

భారత జట్టు మన ఊరికి కూడా వచ్చింది. మన మొదటి ప్రధాని తుంకు అబ్దుల్ రహ్మాన్ 1957లో మెర్డేకా టోర్నమెంటు మొదలుపెట్టారు. 1959లో కౌలాలంపూర్‌లో మలయా కప్పు గెలిచింది, భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆ రోజు మెర్డేకా స్టేడియంలో మనవాళ్ళు ఎవరికి చప్పట్లు కొట్టారు అని నాన్నగారిని అడిగాను. "గోలు ఎవరు వేస్తే వాళ్ళకి" అన్నారు.

ఇప్పుడు మీకు ఒక పని చెబుతాను. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే ఈ వారమే కూర్చుని అడగండి. తెలుగులోనే అడగండి, తప్పులు వచ్చినా ఫరవాలేదు. "తాతయ్యా, మీ తోట జట్టు పేరేంటి? చొక్కా ఏ రంగు? మైదానం ఎక్కడ ఉండేది? బంతి ఎవరు కొన్నారు? చందా ఎంత? పుస్తకం ఎవరు రాసేవారు?" ఆరు ప్రశ్నలు చాలు. జవాబులు తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాయండి. తేదీ వేయండి. చెప్పినవారి పేరు రాయండి. ఫోనులో గొంతు కూడా రికార్డు చేయండి.

పాత ఫొటో ఉంటే వెనక్కి తిప్పి చూడండి. పేర్లు రాసి లేకపోతే పెన్సిలుతో మెల్లగా రాయండి, ఎడమ నుంచి కుడికి, నిలబడినవాళ్ళు, కూర్చున్నవాళ్ళు. పదకొండు పేర్లూ దొరక్కపోవచ్చు. నాలుగు దొరికినా చాలు. ఆ నలుగురికీ అప్పుడు ఒక క్లబ్బు ఉన్నట్టే.